నీళ్ళ కల్లు

ముప్పై రెండేళ్ళకే రిటైరయ్యానంటే మీరు నవ్వుతారు. నవ్వండి. కామెర్లు వచ్చి తగ్గాక వైద్యుడు, "కల్లు గానీ, సారా గానీ, బీరు గానీ ఇక చుక్క నాలుక మీద పెట్టావంటే నా గడప తొక్కకు" అన్నాడు. రుచి చూడటమే పని అయినవాడికి రుచి వద్దన్నాక ఆ ఉద్యోగంలో ఏం మిగులుతుంది? రాజీనామా కాగితం రాసి ఇచ్చేశాను.

కామారెడ్డిలో కల్లు పరీక్షించే నా పాత గదిలోకి ఈ ఏడు ముగ్గురు కొత్తగా చేరారని విన్నాను. మీకోసమే ఇది రాస్తున్నాను. గాజుసామాను ఎలా కడగాలో, నమూనా సీసాకు లక్క ఎలా వేయాలో చెప్పడానికి మీకు పెద్దవాళ్ళున్నారు. నేను చెప్పేది ఒక మాట గురించి. అందులో ఉన్నవి రెండు పదాలు. ఆ రెండూ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే మోసపోయాను.

నేను హైదరాబాదులో పుట్టాను. బడిలో ఉర్దూ, ఇంట్లో పుస్తకాల తెలుగు. రసాయన శాస్త్రం చదివాక, దక్షిణాన కొండల మీద ఉన్న ఒక బీరు కార్ఖానాలో ఏడాదిన్నర పని నేర్చుకున్నాను. అక్కడ ఒక ముసలి ఫోర్‌మన్ రోజూ పొద్దున్నే నా ముందు ఐదు గ్లాసులు పెట్టేవాడు. ఒక్కొక్క గుక్క తీసుకుని, నోట్లో తిప్పి, ఉమ్మేసి, రుచి కాగితం మీద రాయాలి. రాసేదాకా మాట్లాడకూడదు. "బాగుంది" అని రాస్తే కాగితం చింపేసేవాడు. "బాగుండటం నీ సంగతి, బీరు సంగతి చెప్పు" అనేవాడు.

ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. లేత రంగు చేదు బీరు: వేపపూత నమిలి మంచినీళ్ళు తాగినట్టు, చేదు వెనకాలే చిన్న తీపి. నల్ల బీరు: మాడిన జొన్నరొట్టె అంచు, అడుగున కాఫీ గింజ. గోధుమరంగు మెత్తటి బీరు: బెల్లం పాకం గిన్నె గోకినట్టు. చల్లటి గదిలో వారాలకు వారాలు నిద్రపుచ్చే బంగారు రంగు బీరు: తేట, తడి గడ్డి వాసన, గొంతు దిగాక ఏమీ మిగలదు. అన్నిటికీ ధాన్యం బార్లీయే. వేయించడంలో తేడా ఉంది, పులియబెట్టడంలో తేడా ఉంది. కానీ ఫోర్‌మన్ మాటిమాటికీ చెప్పింది మూడోది, నీళ్ళు. సున్నం ఎక్కువున్న నీళ్ళ ఊళ్ళో చేదు బీరు నిలబడుతుంది, మెత్తటి నీళ్ళ ఊళ్ళో తేట బీరు పుడుతుంది. ఒక ఊరి బీరంటే ఆ ఊరి బావేనని అతని సిద్ధాంతం. దాని మీద పరీక్షలో నాలుగు పేజీలు రాశాను. బీరుకు నీళ్ళే ప్రాణమని రాసినవాణ్ణి, కల్లు దగ్గరికి వచ్చేసరికి ఏం చేశానో చూడండి.

కామారెడ్డిలో ఆబ్కారీ పరీక్షల గది స్టేషను వెనక ఉండేది. రైలు వస్తే సీసాలు సన్నగా గణగణమనేవి. ఆ గదిలో నేనూ, ఒక ముసలి మున్షీ. రిపోర్టులన్నీ ఉర్దూలో పోవాలి. నేను చిత్తు రాస్తే ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో సాపు రాసేవారు. కల్లు ముట్టరు. నేను ఉమ్మే తొట్టిని కూడా తన బల్లకు దూరంగా జరిపించారు. కానీ మధ్యాహ్నం నేను తినడం మరిచిపోతే తన రొట్టెల్లో రెండు నా బల్ల మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు రాసుకునేవారు.

మొదటి చలికాలమంతా నేను కల్లుకు పట్టిక తయారు చేశాను. మగచెట్టు కల్లు, అంటే పోతుతాటిది: పాలరంగు, తీపి ముందు, పులుపు ఆలస్యం. పండుతాటిది, అంటే ఆడచెట్టుది: వెనకటి ఎండాకాలంలో రాసుకున్నది, చిక్కన, అన్నం తిన్నంత బరువు. ఈతకల్లు: పల్చన, చలి పొద్దున తేనెలా, పొద్దెక్కాక వగరు. ఇవి కాక వేళలు. దించగానే తీపి, మధ్యాహ్నానికి ముక్కులో గుచ్చేది, మాపటికి పులుపు, మర్నాటికి సిర్కాకు చుట్టం. ఇవి కాక కుండలు. కొత్త కుండలో మట్టి వాసన, పాత కుండలో తొందర పొంగు. రాజంపేట ఈతకల్లు తాగితే నాకు ఆ బంగారు రంగు బీరు గుర్తొచ్చేది. తాడ్వాయి ఎర్రగడ్డల మీది పోతుతాటి కల్లు చేదు బీరులాగా నాలుక చివర చాలాసేపు కూర్చునేది. పట్టిక ఇరవై మూడు గడులకు పెరిగింది.

మున్షీగారు అది చూసి, "బేటా, ఇది ఆబ్కారీ దఫ్తరమా, కిరాణా దుకాణమా?" అన్నారు.

"ఏ కల్లు ఏదో తెలియకపోతే కల్తీ ఎలా పట్టుకుంటాం మున్షీజీ?"

"పట్టుకుంటవు పట్టుకుంటవు. జెర చెయ్యి కాలకుండ పట్టుకో."

మాఘమాసంలో నాగిరెడ్డిపేట వైపు తనిఖీకి పంపారు. ఎల్లారెడ్డి దాకా బస్సు, అక్కడి నుంచి బండి. పోచారం కాలవ కింద వరిమళ్ళ గట్ల మీద పదకొండు పోతుతాళ్ళు వరసగా ఉన్నాయి. వాటిని గీసే గౌండ్లాయనకు యాభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి. ఎక్కడానికి వాడే మోకు నడుముకు రాసుకుని రాసుకుని అక్కడి చర్మం తోలులా నల్లబడింది. చెట్టు దిగుతూనే తాటాకు రేక మడిచి, "పట్టు సాబ్" అని కుండ వంచాడు.

తాగాను. పల్చన. తీపి తక్కువ. ముక్కులో గుచ్చడం లేదు. అడుగున కాస్త ఉప్పదనం. నా పట్టికలో ఏ గడిలోనూ ఇమడలేదు. పొడుగు గ్లాసులో పోసి, చిక్కదనం చూసే గాజు గొట్టం వేశాను. చిక్కటి కల్లులో గొట్టం తేలుతుంది, నీళ్ళలో మునుగుతుంది. ఇందులో సర్కారు పుస్తకం పెట్టిన గీత దాటి మునిగింది.

"ఇదేం కల్లు?" అన్నాను.

"నీళ్ళ కల్లు సాబ్."

"నీళ్ళ కల్లా?"

"ఔ. ఈడ అన్ని గంతే. కాల్వొచ్చినకాంచి నీళ్ళ కల్లే." నవ్వాడు. "పట్నపోళ్ళకు పల్చగ అనిపిస్తది. రెండు రేకలు తాగినంక చెప్పు."

నేను రెండో రేక తాగలేదు. అక్కడే నిలబడి చిత్తు రాసుకున్నాను. 'కల్లులో నీళ్ళు కలిపినట్టు గీసినవాడే స్వయంగా, నవ్వుతూ ఒప్పుకున్నాడు.' ఆ 'నవ్వుతూ' అన్న మాట రాసి మురిసిపోయాను. నా గమనింపు ఎంత సూక్ష్మమో పైవాళ్ళకు తెలుస్తుందనుకున్నాను. కాలవ నీళ్ళు తెచ్చి కలుపుతున్నారని ఇంకో వాక్యం చేర్చాను. "కాల్వొచ్చినకాంచి" అన్నాడు కదా.

మున్షీగారు సాపు రాస్తూ ఒకసారి కలం ఆపారు. "ఒప్పుకున్నడా? ఏ గౌండ్లోడన్న ఒప్పుకుంటడా?"

"నా చెవులతో విన్నాను."

కలం మళ్ళీ కదిలింది.

మూడు రోజుల్లో ఎల్లారెడ్డి నుంచి హుకుం వెళ్ళింది. పదకొండు చెట్ల మొదళ్ళకు తారు గుర్తు వేశారు. ఆయన మోకూ, కత్తులూ పట్టుకెళ్ళి ఎల్లారెడ్డి కచ్చేరీలో పెట్టారు. విచారణ అయ్యాక ఆ చెట్లు వేరేవాళ్ళకు ఇస్తామన్నారు. ఈ సంగతి తెలిసినప్పుడు నేను చేసిన పని, పట్టికలో 'నీళ్ళు కలిపినది' అని ఇరవై నాలుగో గడి గీయడం.

చెట్లు మూసిన ఐదో రోజు పొద్దున ఒకామె మా గది గుమ్మంలో నిలబడింది. తెల్లటి జుట్టు, మోకాళ్ళ దాకా దుమ్ము. బండి దొరికినంత దూరం బండిలో, దొరకనంత దూరం నడిచి వచ్చింది.

"రుచి చూసే సాబు ఎవలు?"

"నేనే అవ్వా."

"నువ్వానే?" పైనుంచి కిందికి చూసింది. "ఇంకెవలో మీసాలున్నోడనుకున్న. మా చెట్లు బంద్ చేసింది నువ్వేనా?"

ఆమె ఆ గౌండ్లాయన భార్య అని అర్థమైంది. "కల్లులో నీళ్ళు కలిపితే సర్కారు ఊరుకోదు అవ్వా. మీ ఆయనే చెప్పాడు, నీళ్ళ కల్లని."

"ఔ, చెప్పిండు. నీళ్ళ కల్లు గాకపోతే ఏమంటరు?"

"చూశారా, మీరూ ఒప్పుకుంటున్నారు."

ఆమె గుమ్మంలోనే కూలబడింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె నవ్వింది. ఆ నవ్వులో మంచితనం లేదు.

"పాలపిట్ట చూసినవా కొడుకా?"

"చూశాను."

"పిట్టల పాలున్నయా?"

మున్షీగారు కలం కింద పెట్టారు.

"తాడ్వాయి దిక్కు గడ్డ మీద చెట్లుంటయి. గది గడ్డ కల్లు. అంటే కల్లుల గడ్డ తీసుకపోయి పిసికిండ్రా? మా చెట్లు నీళ్ళల్ల నిలబడ్డయి. కాల్వ రాకముందు గవీ గడ్డ చెట్లే. గిప్పుడు యాడాది పొడుగుత వరి మడి. చెట్టు కాళ్ళు నీళ్ళల్ల ఉంటె కల్లు చిక్కగెట్లొస్తది? గందుకే నీళ్ళ కల్లు. పల్చగుంటది, నెత్తికెక్కది. జరమొచ్చి లేసినోళ్ళు, ముసలోళ్ళు గదే అడిగి తాగుతరు. నువ్వు గింత సదివినవు, గింత మాట ఎర్కలేదా?"

చెట్టు కాళ్ళు నీళ్ళలో. ఒక ఊరి బీరంటే ఆ ఊరి బావి. నా నాలుగు పేజీలూ కళ్ళ ముందు తిరిగాయి.

"మరి ఆయన ఆ రోజే వివరంగా చెప్పలేదేం?"

"నువ్వడిగినవా? ఏం కల్లంటివి, పేరు చెప్పిండు. నీ పేరేందంటే పేరు చెప్తవా, పుట్టుక చెప్తవా?" తర్వాత ఆమె గొంతు తగ్గింది. "ఇయ్యాలకు ఐదొద్దులాయె. తాటి గెల దినాం మూడు సార్లు గియ్యాలె సాబ్. గియ్యకపోతే మొన గట్టివడి ఎండుతది. ఎండిందంటె ఈ యేడుకు గా చెట్టు సచ్చినట్టే. గాయన చెట్ల కిందికి పోయి కూసుంటుండు. తిండి లేదు. మోకు గుంజుకపోయినంక నడుం మీద చెయ్యి పెట్టి తడుముకుంటుండు."

ఆమెను లోపల కూర్చోబెట్టి మున్షీగారు నీళ్ళిచ్చారు. తరువాత నన్ను వెనక వసారాలోకి పిలిచి, తొందరపడొద్దన్నారు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆ నెలాఖరుకే నా ఉద్యోగం ఖాయం కావాలి. విచారణలో గౌండ్లాయనే తన సంగతి చెప్పుకుంటాడు. నిజమైతే నిలబడుతుంది. నేను ముందే వెళ్ళి నా రిపోర్టు తప్పంటే, అప్పటిదాకా నేను రాసిన ప్రతి రిపోర్టునూ ఎవరో ఒకరు తిరగదోడతారు.

"విచారణ ఎప్పుడు మున్షీజీ?"

"పై నెల."

"అప్పటికి గెలలు?"

ఆయన గోడవైపు చూశారు. "ఎల్లారెడ్డి బస్సు పొద్దుగాల్నే పోతది. టోపీ మరువకు. ముహతమీం సాబుకు బోడి తలలు నచ్చయి" అన్నారు.

ముహతమీం సాహెబు అంటే ఆ ప్రాంతానికి ఆబ్కారీ పెద్ద అధికారి. నమాజు తప్పని మనిషి. కల్లు వాసన వచ్చే గదిలో కూర్చోరు. అంకెలు తప్ప వేరే రుచి తెలియని ఆయన చేతిలో మొత్తం కల్లు వ్యవహారం ఉండటం నాకు అప్పుడప్పుడు నవ్వు తెప్పించేది. ఆ పొద్దున నవ్వు రాలేదు. నిలబడి అంతా చెప్పాను. ఆయన నా రిపోర్టు తెప్పించి, వేలు పెట్టి చదివారు.

"సంతకం నీదేనా?"

"నాదే సాహెబ్."

"'నవ్వుతూ' అని రాశావు. ఇప్పుడు ఏమంటావు?"

"నవ్వింది నిజం. ఒప్పుకున్నది అబద్ధం."

"ఆ ముసలావిడ చెప్పిన కథ తప్ప నీ దగ్గర ఏ రుజువుంది?"

లేదన్నాను. ఒక్క రోజు మోకు ఇప్పిస్తే రుజువు చేస్తానన్నాను. దారిలో ఆలోచించిన పద్ధతి వివరించాను. కాలవ గట్టు చెట్టు ఒకటి, పైన మెరక మీద వేరే గౌండ్లాయన గీసే చెట్టు ఒకటి. రెండింటికీ కొత్త కుండలు. మధ్యాహ్నమే కట్టించి, కింద ఆయన జవాన్లను కాపలా ఉంచి, మర్నాడు పొద్దున ఆయన ఎదుటే దించడం. మనిషి చెయ్యి పడకుండా చెట్టు ఏమిస్తుందో అది గ్లాసులో పోసి చూడటం.

"కుదరకపోతే?"

"అప్పుడు నా మొదటి రిపోర్టే సరైనదని నేనే రాసిస్తాను."

ఆయన జవానును పిలిచి మోకు తెమ్మన్నారు.

ఆ మధ్యాహ్నం కాలవ గట్టు దగ్గర మోకు గౌండ్లాయన చేతికిచ్చాను. దాన్ని ముడి ముడికీ వంచి చూసుకున్నాడు. ఎవరో చుట్టిన తీరు నచ్చక మొత్తం విప్పి తన తీరులో చుట్టాడు. ఒక్క చెట్టుకే హుకుం. ఏ చెట్టో ఆయన ఇష్టం. వరస వెంట నడుస్తూ తల ఎత్తి చూస్తూ ఏడో చెట్టు దగ్గర ఆగాడు.

"దూరం నిలవడు సాబ్. జారితే నీ నెత్తిన్నే పడ్త."

అది కోపమో హాస్యమో తెలియలేదు. దూరంగానే నిలబడ్డాను. పైన కత్తి సన్నగా చెక్కుతున్న చప్పుడు. చాలాసేపటికి, "తడి ఉన్నది" అని కేక వేశాడు. ఎవరికీ కాదు, చెట్టుకే చెప్పినట్టుంది.

మర్నాడు పొద్దున ముహతమీం సాహెబు గుర్రబ్బండిలో వచ్చి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఆ పక్క నిలబడ్డారు. కుండలు రెండూ దించారు. గట్టు చెట్టుది సగం కుండ కూడా లేదు. రెండు పొడుగు గ్లాసుల్లో పోశాను. మెరక చెట్టు కల్లులో గొట్టం గీతకు పైనే తేలింది. గట్టు చెట్టు కల్లులో గీత దాటి మునిగింది. మొదటి రోజు ఎక్కడ ఆగిందో, వెంట్రుకవాసి తేడాతో అక్కడే ఆగింది.

రుచి కూడా చూశాను. పల్చన, తీపి తక్కువ, అడుగున ఉప్పదనం. తర్వాత, పరీక్షకు అవసరం లేకపోయినా, రెండో రేక తాగాను. ఈసారి ఉమ్మలేదు. ఆయన చెప్పింది నిజమే. రెండో రేకకు ఉప్పదనం వెనక లేత ముంజె రుచి ఒకటి నెమ్మదిగా పైకి వస్తుంది. తొందరపడేవాడికి అది దొరకదు.

"నీ గొట్టం మొదటిసారీ నిజమే చెప్పింది. కలమే చెప్పలేదు" అన్నారు ముహతమీం సాహెబు. అక్కడే బండి మీద కాగితం పెట్టి నాతో రాయించారు. తప్పు ఎవరిది అన్న చోట 'నాది, మాట అర్థం కాలేదు' అని రాశాను. చెట్లు విడుదల చేస్తూ సంతకం పెట్టారు. నా ఉద్యోగం ఖాయం కావడం ఒక ఏడాది వెనక్కి జరిపారు. రెండు పనులకూ ఒకే సిరా వాడారు. నాకది న్యాయంగానే తోచింది. గట్టు చెట్లకూ మెరక చెట్లకూ గీతలు వేరుగా ఉండాలని నేను పంపిన కాగితాన్ని ఆ ఎండాకాలంలో ఒప్పుకున్నారు. మీ పుస్తకంలో ఇప్పుడు రెండు గీతలు ఎందుకున్నాయో మీకెవరూ చెప్పి ఉండరు.

బండి వెళ్ళిపోయాక గౌండ్లాయన మిగతా చెట్లు చూడటానికి లేచాడు. వెళ్ళిపోవచ్చు నేను. వెళ్ళలేకపోయాను. ఆయన భార్య గట్టు మీద కుండలు సర్దుతూ, "గీడిదాక వచ్చినవు, చూసిపో" అంది. ఆ రోజు మొదటిసారి ఆమె మాటలో పుల్లదనం తగ్గింది.

ఒక్కో చెట్టూ ఎక్కడం, పైన గెల మొన చెక్కి చూడటం, దిగడం. మొదటిది ఎండింది. రెండోది ఎండింది. మూడోదానికి కుండ కట్టాడు. నాలుగోదానికి కట్టాడు. ఐదో చెట్టు మీద చాలాసేపు ఉన్నాడు. లోపలి దాకా చెక్కాడు. కుండ పట్టుకునే దిగాడు. ఆరోది ఎండింది. ఏడోది పొద్దుటిదే. ఎనిమిది, తొమ్మిది పలికాయి. పదోది ఎండింది. పదకొండోది పలికింది. ఎక్కిన ప్రతిసారీ నేను తల ఎత్తి కుండ పైన ఉండిపోతుందా, కిందికి వస్తుందా అని చూస్తూ నిలబడ్డాను. మెడ నొప్పి పుట్టింది. ఆయన మొహం చెమటతో నిండింది.

చివరి చెట్టు దిగి, గట్టు మీద కూర్చుని, కత్తి తుడుచుకున్నాడు.

"ఆరు బతికాయి బాపూ" అన్నాను. సాబునని మరిచి, వాళ్ళ ఊళ్ళో తండ్రిని పిలిచే మాటతో పిలిచాను.

"ఆరు."

"ఈ ఏడుకు చాలుతాయా?"

"సాలయి."

అంత సూటిగా చెబుతాడనుకోలేదు. ఆయన మూడో చెట్టు వైపు చూశాడు. మధ్యాహ్నం గీసే వేళవుతోంది. లేచి, మోకు నడుముకు వేసుకుని, ముడి బిగించాడు.

"సాలయి గానీ సాబ్, ఎక్కేటందుకు ఉన్నయి గద" అని చెట్టుకు చెయ్యి వేశాడు.